క్యూఆర్ కోడ్ చేయించే ముందు: స్టాటిక్కా, డైనమిక్కా, సొంత డొమైనా?

చిన్న బిజినెస్ నడిపేవాళ్ళు క్యూఆర్ కోడ్ కోసం వెతికితే సైట్లు బోలెడు వస్తాయి, ప్రతి ఒక్కటీ ఫ్రీ అనే అంటుంది, లింక్ పేస్ట్ చేయగానే బొమ్మ వచ్చేస్తుంది, ఇంక పనైపోయినట్టే అని దాన్ని తీస్కెళ్ళి విజిటింగ్ కార్డుల మీదా ప్యాకింగ్ డబ్బాల మీదా బోర్డు మీదా వేయించేస్తారు. రంగు బాగుందా, మధ్యలో లోగో పడుతుందా అని చూస్తారు గానీ ఆ బొమ్మ లోపల ఎవరి అడ్రస్ ఉందో చూడరు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. మీ అడ్రస్సా, ఆ కోడ్ చేసిచ్చిన సైట్ వాళ్ళ అడ్రస్సా? ప్రింట్ అయ్యాక మార్చగలరా లేదా, ఏటా డబ్బు కడుతూ పోవాలా, రెండేళ్ళ తర్వాత కూడా ఆ డబ్బా మీది కోడ్ పనిచేస్తుందా, ఇవన్నీ ఆ ఒక్క జవాబు మీదే ఉంటాయి.

కోడ్ అంటే ఏంటో ముందు రెండు ముక్కల్లో చెప్తా. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీలో మసాహిరో హారా అనే ఇంజనీరు, ఆయన టీమ్ కలిసి కార్ల విడిభాగాల లెక్క త్వరగా తేల్చుకోడానికి దీన్ని తయారుచేశారు. పేటెంట్ ఉన్నా స్టాండర్డ్ ప్రకారం వాడుకునేవాళ్ళని డబ్బులు అడగం అనేశారు, 2000లో అంతర్జాతీయ ఐఎస్ఓ స్టాండర్డ్ కూడా అయింది, కాబట్టి కోడ్ తయారుచేసుకోవడం ఎవరికైనా ఉచితమే. డబ్బులు తీసుకునే సైట్లు ఆ కోడ్ వెనకాల నడిపే సర్వీసుకి తీసుకుంటాయి. కోడ్‌లో ఉండేవి అక్షరాలు అంతే, నల్ల గళ్ళు తెల్ల గళ్ళుగా మార్చి రాసిన అక్షరాలు. దానికి గడువు ఉండదు, ఇన్నిసార్లే స్కాన్ అవ్వాలన్న లిమిట్ ఉండదు. "ఈ కోడ్ ఎక్స్‌పైర్ అయింది" అని ఎక్కడైనా కనపడిందంటే బొమ్మకి ఏమీ కాలేదు, అది తీసుకెళ్ళే వెబ్ అడ్రస్ ఎవరో ఆపేశారని అర్థం.

స్టాటిక్ కోడ్

మీ లింక్ ఏదో అదే నేరుగా గళ్ళలోకి ఎక్కిస్తే స్టాటిక్. మధ్యలో ఎవరూ ఉండరు, కోడ్ చేసిచ్చిన సైట్ రేపు మూతపడ్డా మీకు సంబంధం లేదు, మీ పేజీ ఉన్నంతకాలం కోడ్ ఉంటుంది. చిక్కల్లా ఏంటంటే ప్రింటు కొట్టించాక మార్చలేరు. పేజీ లింక్ మారినా, సోషల్ మీడియాలో యూజర్ నేమ్ మార్చుకున్నా, ఫోన్ నెంబర్ మారినా, పంచేసిన పాంప్లెట్లన్నీ దండగ. ఇంకోటి, లింక్ పొడుగ్గా ఉంటే గళ్ళు పెరిగిపోయి కోడ్ చిక్కగా అయిపోతుంది, దాని లెక్క కింద చెప్తా.

స్టాటిక్ అయితే ఎంతమంది స్కాన్ చేశారో తెలీదు అంటారు, అది సగమే నిజం. మీకు సొంత వెబ్‌సైట్ ఉండి అందులో గూగుల్ అనలిటిక్స్ లాంటి, సైట్‌కి వచ్చేవాళ్ళని లెక్కపెట్టే టూల్ పెట్టుకునుంటే, లింక్ చివర యూటీఎం ట్యాగులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే చిన్న గుర్తులు) తగిలించి ఎక్కడి కోడ్ నుంచి ఎంతమంది వచ్చారో చూసుకోవచ్చు. వేరేవాళ్ళ పేజీకి పంపిస్తుంటే మాత్రం ఆ లెక్క మీ చేతికి రాదు.

డైనమిక్ కోడ్

ఇందులో గళ్ళ లోపల ఉండేది మీ లింక్ కాదు, సర్వీసు కంపెనీ వాళ్ళ చిన్న లింక్. స్కాన్ చేసినవాళ్ళు ముందు వాళ్ళ సర్వర్‌కి వెళ్తారు, అక్కడి నుంచి మీ పేజీకి మళ్ళిస్తారు. దీంతో లాభాలు నిజంగానే ఉన్నాయి, కాదనను. పొద్దున ఒక పేజీకి, సాయంత్రం ఇంకో పేజీకి పంపొచ్చు, బొమ్మ మారదు. ఎన్ని స్కాన్లు, ఏ టైముకి, ఐఫోనా ఆండ్రాయిడా, సుమారుగా ఏ ఊరి నుంచి, ఇవన్నీ గ్రాఫులుగా కనపడతాయి. లింక్ చిన్నది కాబట్టి కోడ్ కూడా పలచగా నీట్‌గా వస్తుంది.

అయితే ఆ సర్వీసు బతికున్నంతవరకే మీ కోడ్ బతుకు. నెలనెలా కట్టేది ఆపితే ఆగిపోవచ్చు, ఫ్రీ ప్లాన్ అయితే ఇన్ని స్కాన్ల తర్వాత ఆపేయడమో, మధ్యలో వాళ్ళ యాడ్ చూపించడమో కొన్నిచోట్ల ఉంటుంది, ట్రయల్ అయిపోయాక అప్పటికే ప్రింట్ అయిన కోడ్లు ఆగిపోవడం కూడా ఉంది. పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకోడానికీ లేదు, గూగుల్ తన లింక్ షార్ట్‌నర్‌ని, అంటే పొడుగు లింకుల్ని పొట్టిగా చేసిచ్చే సర్వీసుని, మూసేస్తున్నట్టు 2018లో చెప్పింది, 2019 నుంచి కొత్త లింకులు ఇవ్వడం మానేసింది, పాత లింకులు కూడా 2025 ఆగస్టులో ఆగిపోతాయని 2024లో ప్రకటించింది, తర్వాత కాస్త వెనక్కి తగ్గి వాడకంలో ఉన్నవి ఉంచుతామంది. గూగుల్‌దే ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ అనే సర్వీసు అదే ఆగస్టులో మూతపడింది. అంత పెద్ద సంస్థే మనసు మార్చుకున్నప్పుడు పేరు తెలియని సైట్ ఇచ్చిన లింక్‌ని గోడ మీద పెయింట్ వేయించే ముందు ఒకసారి ఆగాలి కదా.

మీకు ఇచ్చింది స్టాటిక్కో డైనమిక్కో తెలుసుకోడం తేలిక. ఫోన్ కెమెరా పెట్టి చూడండి, నొక్కకుండానే కింద అడ్రస్ కనపడుతుంది. అది మీ అడ్రస్ అయితే స్టాటిక్. మీరెప్పుడూ వినని పేరేదో ఉంటే మధ్యలో ఒకళ్ళు కూర్చున్నట్టే. ఫ్రీ అని రాసున్న సైట్లలో కొన్ని అడక్కుండానే డైనమిక్ చేసి చేతిలో పెడతాయి కాబట్టి ప్రింటుకి ఇచ్చేముందు ఈ చూపు తప్పనిసరి.

మూడో దారి: సొంత డొమైన్ మీద రీడైరెక్ట్

నేను గట్టిగా చెప్పేది దీని గురించే, ఎందుకంటే చాలామందికి ఇలాంటిది ఒకటుందనే తెలీదు. మీ పేరుతో ఒక డొమైన్, అంటే మీకే సొంతమైన వెబ్ అడ్రస్, కొనుక్కోండి, ఎంత పొట్టి పేరైతే అంత మంచిది. దాని తర్వాత స్లాష్ పెట్టి ఒకటి రెండు అక్షరాలు, కార్డుకి ఒకటి, బోర్డుకి ఒకటి, పాంప్లెట్‌కి ఒకటి, ప్యాకింగ్‌కి ఒకటి. ఈ పొట్టి అడ్రస్‌లకి స్టాటిక్ కోడ్లు చేయించండి. ఆ అడ్రస్ నుంచి అసలు పేజీకి మళ్ళించేది (రీడైరెక్ట్ అంటే ఇదే) మీరే పెట్టుకుంటారు. రేపు పేజీ మారితే మళ్ళింపు మారుస్తారు, ప్రింటు జోలికి వెళ్ళక్కర్లేదు. అంటే డైనమిక్ ఇచ్చే ముఖ్యమైన సుఖం మీకు వచ్చేసింది, తాళం మీ దగ్గరే ఉంది.

ఇది పెట్టడానికి ప్రోగ్రామర్ అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ సైట్ ఉంటే రీడైరెక్షన్ ప్లగిన్లు ఉన్నాయి, హోస్టింగ్ ప్యానెల్‌లో రీడైరెక్ట్స్ అని ఆప్షన్ ఉంటుంది, డొమైన్లు చూసుకునే క్లౌడ్‌ఫ్లేర్ అనే సర్వీసులో కూడా రూల్ రాసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం, 301, 302 అని రెండు రకాలు అడుగుతుంది, 302 పెట్టండి. 301 అంటే శాశ్వతంగా మారిపోయాం అని చెప్పడం, ఫోన్లో బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని మీరు మళ్ళింపు మార్చినా పాతచోటికే పోతూ ఉండొచ్చు. మార్చుకోవాలనే కదా ఇదంతా పెట్టుకుంది, అందుకని 302.

ఖర్చు ఏడాదికోసారి డొమైన్ రెన్యువల్, అది మాత్రం మర్చిపోకూడదు, ఆటో రెన్యువల్ పెట్టేసి ఆ అకౌంట్ పాస్‌వర్డ్ బిజినెస్ ఓనర్ దగ్గర ఉంచుకోవాలి, డిజైన్ చేసిన అబ్బాయి దగ్గర కాదు. స్కాన్ లెక్కలు డైనమిక్ సర్వీసు అంత అందంగా రావు, కానీ మళ్ళించేటప్పుడు చివర్లో యూటీఎం ట్యాగులు పెడితే ఏ కోడ్ నుంచి ఎంతమందో మీ సైట్ అనలిటిక్స్‌లోనే తెలుస్తుంది. చిన్న బిజినెస్‌కి అంతకన్నా ఎక్కువ లెక్క నిజంగా కావాలా అని ఆలోచించుకోండి.

మరి ఎవరికి ఏది? ఒక్కరోజు ఈవెంట్, వారం రోజుల ఆఫర్, తర్వాత ఎవరూ చూడరు అంటే స్టాటిక్ చేసుకుని వెళ్ళిపోండి, ఇంకేం ఆలోచించొద్దు. యాడ్స్ మీద గట్టిగా ఖర్చుపెడుతున్నారు, పదుల కొద్దీ కోడ్లు, వాటిని చూసుకోడానికి మనిషి ఉన్నారు, వారంవారం లెక్కలు చూసి నిర్ణయాలు మారుస్తారు అంటే డైనమిక్ సర్వీసుకి డబ్బు కట్టడం సబబే, కాకపోతే మీ సొంత డొమైన్ కలుపుకోనిచ్చే ప్లాన్ తీసుకోండి, రేపు వాళ్ళని వదిలేసినా అడ్రస్‌లు మీ దగ్గరే ఉంటాయి, అవే అడ్రస్‌లకి మళ్ళింపులు మీరు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఏళ్ళ తరబడి ఉండాల్సినవి, బోర్డు, ప్యాకింగ్, బండి మీద స్టిక్కర్, విజిటింగ్ కార్డు, వీటికి సొంత డొమైన్ తప్ప వేరేది నేను చెప్పను.

లోపల ఏం పెట్టాలి

కోడ్ రకం తేలాక అది ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది రెండో ప్రశ్న. వాట్సాప్ చాట్‌కి పంపడం చిన్న బిజినెస్‌కి బాగా పనికొస్తుంది, కస్టమర్ టైప్ చేయాల్సిన పని లేకుండా మెసేజ్ ముందే రాసిపెట్టొచ్చు. దీంతో ఇంకో ఉపయోగం ఉంది, పాంప్లెట్ కోడ్‌కి "పాంప్లెట్ చూశాను" అని, బోర్డు కోడ్‌కి "బోర్డు చూశాను" అని వేరేవేరే మెసేజ్‌లు పెడితే ఏది పనిచేస్తుందో ఏ టూలూ లేకుండానే తెలిసిపోతుంది. కానీ ఆ తెలుగు మెసేజ్‌ని నేరుగా కోడ్‌లోకి ఎక్కించొద్దు. లింక్‌లో తెలుగు పెడితే ఒక్కో గుర్తుకి తొమ్మిది అక్షరాలు పడతాయి, "నమస్తే" అనే మాటలో ఒత్తూ గుణింతం కలిపి ఆరు గుర్తులు, అంటే ఆ ఒక్క మాటకే 54 అక్షరాలు. ఒక వాక్యం రాస్తే కోడ్ గుజ్జు గుజ్జుగా అయిపోతుంది. ఆ పొడుగు లింక్‌ని మీ పొట్టి అడ్రస్ వెనకాల దాచి, కోడ్‌లో పొట్టిదే ఉంచండి.

విజిటింగ్ కార్డులో కాంటాక్ట్ వివరాలు నేరుగా పెట్టే వీకార్డ్ పద్ధతి ఉంది, నెట్ లేకపోయినా ఫోన్లో సేవ్ అవుతుంది, అది మంచిదే. కానీ పేరు, నెంబర్లు, మెయిల్, అడ్రస్ కలిపితే ఇట్టే 180 అక్షరాలు అవుతుంది, అప్పుడు అడ్డం నిలువు 53 గళ్ళు కావాలి. 25 అక్షరాల లింక్‌కి 25 గళ్ళు చాలు. కార్డు మీద కోడ్‌కి 2 సెంటీమీటర్ల చోటు ఉందనుకుంటే మొదటిదాంట్లో ఒక్కో గడి 0.4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, రెండోదాంట్లో 0.8 ఉంటుంది. మామూలు ప్రింటింగ్‌లో, పాత ఫోన్ కెమెరాతో, ఆ తేడాయే స్కాన్ అవ్వడానికీ అవ్వకపోవడానికీ మధ్య తేడా. పైగా నెంబర్ మారితే వీకార్డ్ కూడా పాతబడిపోతుంది. నేనైతే లింకే పెడతా.

పీడీఎఫ్‌కి పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు, ధరల పట్టిక పీడీఎఫ్ చేయడం తేలిక కదా అని. ఫోన్లో దాన్ని వేళ్ళతో పెద్దది చేస్కుంటూ అటూ ఇటూ జరుపుతూ చదవాలి, డౌన్‌లోడ్ అయ్యేదాకా ఆగాలి. మామూలు వెబ్ పేజీ ఎంత సాదాగా ఉన్నా దానికంటే మేలు. వైఫై కోడ్ అయితే గెస్ట్ నెట్‌వర్క్‌కి మాత్రమే, స్కాన్ చేసినవాళ్ళకి పాస్‌వర్డ్ కూడా తెలిసిపోవచ్చు.

ఎర్రర్ కరెక్షన్ ఎంత పెట్టాలి

ఇక్కడ నాలుగు లెవెల్స్ ఉంటాయి, ఎల్, ఎమ్, క్యూ, హెచ్. కోడ్‌లో సుమారు 7, 15, 25, 30 శాతం వరకు పాడైనా చదవగలిగేలా అన్నమాట. రీడ్ సాలమన్ అనే గణితం దీని వెనక ఉంది, గీతలు పడ్డ సీడీ కూడా పాడేది దానివల్లే. చాలామంది ఎక్కువ ఉంటే మంచిదేగా అని హెచ్ పెట్టేస్తారు, కానీ అది ఊరికే రాదు. 40 అక్షరాల లింక్‌కి ఎమ్ పెడితే 29 గళ్ళు, అదే హెచ్ పెడితే 37 గళ్ళు. కోడ్ సైజు అదే కాబట్టి ఒక్కో గడి చిన్నదవుతుంది, దూరం నుంచి పట్టుకోడం కష్టమవుతుంది. చిరగని, తడవని చోట, టేబుల్ మీద, కార్డు మీద ఎమ్ చాలు. ఎండావానల్లో ఉండేవాటికి, రాపిడి తగిలే ప్యాకింగ్‌కి, మధ్యలో లోగో పెట్టేవాటికి క్యూ గానీ హెచ్ గానీ.

లోగో గురించి ఒక మాట. 30 శాతం పాడైనా పర్లేదన్నారు కదా అని 30 శాతం లోగోతో కప్పేస్తే, తర్వాత పడే గీతలకీ దుమ్ముకీ మిగిలేది ఏమీ ఉండదు. పదో వంతు దాటనివ్వొద్దు, మూడు మూలల్లో ఉండే పెద్ద చదరాల్ని అస్సలు ముట్టుకోవద్దు, ఫోన్ కోడ్‌ని గుర్తుపట్టేదే వాటితో.

ఇంకో చిట్కా ఉంది, పెద్దగా ఎవరూ చెప్పరు. లింక్ మొత్తం ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో ఇస్తే కోడ్ తక్కువ చోటు తీసుకుంటుంది, ఎందుకంటే అంకెలూ పెద్ద అక్షరాలూ కొన్ని గుర్తులూ కలిపి 45 మాత్రమే ఉండే ప్రత్యేక పద్ధతిలో అవి సర్దుకుంటాయి. 25 గళ్ళ కోడ్‌లో ఎమ్ లెవెల్‌లో మామూలుగా 26 అక్షరాలు పడితే ఇలా 38 పడతాయి. డొమైన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నా పనిచేస్తుంది, స్లాష్ తర్వాతది మాత్రం సర్వర్‌ని బట్టి ఉంటుంది కాబట్టి ముందే చెక్ చేస్కోండి, లేకపోతే స్లాష్ తర్వాత అంకెలే వాడండి, గొడవే ఉండదు.

సైజు, రంగు, ఫైల్

ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు సైజు ఉండాలనేది అందరూ వాడే లెక్క. చేతిలో పట్టుకునేదానికి 2 సెంటీమీటర్ల కంటే తగ్గించొద్దు, 3 మీటర్ల దూరంలో ఉండే బోర్డుకి 30 సెంటీమీటర్లు కావాలి. కదిలే బండి మీద వేయించడం కన్నా ఆగే చోట వేయించడం నయం. చుట్టూ నాలుగు గళ్ళంత తెల్ల ఖాళీ వదలాలి, ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైన్ సర్దేటప్పుడు ముందు కోసేసేది దీన్నే, కాబట్టి వదలమని నోరు తెరిచి చెప్పండి. తెలుపు మీద ముదురు రంగు ఏదైనా పర్లేదు, నలుపు మీద తెలుపు గళ్ళు వద్దు, కొన్ని స్కానర్లు తిరగేసిన రంగుల్ని చదవవు. మెరిసే లామినేషన్ మీద లైటు పడితే చదవడం కష్టం, మెరవని మ్యాట్ రకం అడగండి. గుండ్రటి సీసా మీద అయితే కోడ్‌ని చిన్నగా ఉంచాలి, పక్కలకి వంగిపోకుండా.

ఫైల్ ఎస్‌వీజీ లేదా పీడీఎఫ్‌లో తీసుకోండి, ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. పీఎన్‌జీ అయితే పెద్ద సైజులో తీసుకుంటే సరిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో ఫోటోగా పంపడం మాత్రం మానేయాలి, కంప్రెస్ అయ్యి గళ్ళ అంచులు మసకబారతాయి, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

తయారీకి ఏం వాడాలి అంటే, అర్జెంటుగా ఒకటి కావాలంటే కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌లోనే పేజీకి క్యూఆర్ కోడ్ చేసే ఆప్షన్ ఉంది, అది స్టాటిక్, కాకపోతే మధ్యలో డైనోసార్ బొమ్మ వస్తుంది, పీఎన్‌జీయే ఇస్తుంది. ప్రింటుకి పనికొచ్చేది కావాలంటే ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూలో బార్‌కోడ్ కింద క్యూఆర్ ఉంది, ఎర్రర్ లెవెల్ కూడా ఎంచుకోవచ్చు, ఎస్‌వీజీ వస్తుంది, ఎవరి అకౌంటూ అక్కర్లేదు. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో కూడా 6.4 వెర్షన్ నుంచి ఉంది. నాకైతే ఇంక్‌స్కేపే నచ్చుతుంది.

కోడ్ పక్కన "స్కాన్ చేయండి" అని మాత్రమే రాస్తే జనం ఎందుకు చేస్తారు? స్కాన్ చేస్తే ఏమొస్తుందో రాయండి, ధరలు చూడండి, అపాయింట్‌మెంట్ తీసుకోండి, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టండి, ఇలా. దాని కింద మీ పొట్టి అడ్రస్ అక్షరాల్లో కూడా వేయించండి. కెమెరా పాడైనవాళ్ళు టైప్ చేసుకుంటారు, అంతకంటే ముఖ్యంగా కోడ్ల మీద దొంగ స్టిక్కర్ అంటించే మోసాలు జరుగుతున్నాయి కాబట్టి, ఫోన్లో కనపడే అడ్రస్, కింద రాసున్న అడ్రస్ ఒకటేనా అని కస్టమర్ సరిచూసుకోగలుగుతారు. సొంత డొమైన్ అయితేనే ఇది కుదురుతుంది, ఎవరిదో పేరు కనపడితే నమ్మాలో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది? బయట పెట్టిన కోడ్లని మీరూ అప్పుడప్పుడు వేలితో తడిమి చూస్తూ ఉండండి.

ప్రింటుకి ముందు ఒక్క కాపీ అసలు సైజులో, అసలు కాగితం మీద తీయించి టెస్ట్ చేయండి, స్క్రీన్ మీద స్కాన్ అయిందంటే ప్రింటులో అవుతుందని కాదు. ఐఫోన్లలో 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి కెమెరాలోనే చదువుతుంది, పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ లెన్స్ తెరవాల్సి రావొచ్చు, అందుకని మీ దగ్గరున్న అన్నిటికంటే పాత ఫోన్‌తో, సాయంత్రం లైటులో, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూడండి.

ఇప్పటికే ఎవరిదో డైనమిక్ కోడ్ ప్రింటు కొట్టించి ఉంటే కంగారుపడి అన్నీ మళ్ళీ కొట్టించక్కర్లేదు. ఆ అకౌంట్‌లోకి వెళ్ళి ఏ కోడ్ ఎక్కడుందో ఒక పట్టీ రాసుకోండి, రెన్యువల్ తేదీ నోట్ చేస్కోండి, వాటన్నిటి గమ్యాన్ని మీ సొంత డొమైన్ అడ్రస్‌లకి మార్చేయండి. ఇకమీదట కొట్టించే ప్రతి ప్రింటులో మీ డొమైన్ స్టాటిక్ కోడే వేయించండి. పాత డబ్బాలూ కార్డులూ చేతులు మారి అయిపోయేదాకా ఆ సబ్‌స్క్రిప్షన్ ఉంచి, స్కాన్లు దాదాపు ఆగిపోయాయని అక్కడి లెక్కల్లో కనపడ్డాక ఆపేయండి.